ఏ ప్రతిని నమ్మాలి?

*ఫోనులో, లాప్‌టాప్‌లో, ట్యాబ్‌లో ఒకే సమాచారం ఉండాలంటే ఆ యంత్రాలు ఏం గుర్తుపెట్టుకోవాలి?*

ఫోనులో అక్కర్లేని నంబరు ఒకటి తీసేస్తాం. వారం తర్వాత చూస్తే అది మళ్ళీ జాబితాలో ఉంటుంది. లాప్‌టాప్‌లో సగం రాసిన వ్యాసాన్ని ఫోనులో తెరిస్తే నిన్నటి ప్రతి కనిపిస్తుంది. ఒక్కోసారి ఒకే ఫైలు పక్కపక్కన రెండు పేర్లతో కూర్చుని, ఏది అసలుదో తేల్చుకోమంటుంది. ఇలాంటివి ఎదురైనప్పుడు నెట్ బాగోలేదనో, యాప్ సరిగా చేయలేదనో అనుకుని సరిపెట్టుకుంటాం. కొన్నిసార్లు కారణం అదే కావచ్చు. అయితే ఈ తికమకలన్నిటి అడుగునా నెట్ ఎంత వేగంగా ఉన్నా పోని చిక్కు ఒకటి ఉంది.

ఫోనులో 199 నంబర్లు, లాప్‌టాప్‌లో 200 నంబర్లు ఉన్నాయనుకుందాం. 199 రెండింట్లోనూ అచ్చు ఒకటే. మిగిలిన ఆ ఒక్క నంబరును ఏం చేయాలి? దాన్ని ఫోనులో తీసేసి ఉంటే లాప్‌టాప్‌లోనూ తీసేయాలి. లాప్‌టాప్‌లో కొత్తగా చేర్చి ఉంటే ఫోనులోకీ ఎక్కించాలి. ఒకదానికొకటి పూర్తిగా ఎదురైన పనులివి. కానీ ఏది జరిగినా ఇప్పుడు కళ్ళ ముందున్న జాబితాలు మాత్రం ఒకేలా ఉంటాయి. వాటిని ఎంతసేపు పోల్చినా జవాబు దొరకదు. జవాబు వాటిలో లేదు. అవి ఇలా తయారవడానికి ముందు జరిగిన కథలో ఉంది.

అందుకే సింక్ అనే పనిని నకలు తీయడంగా ఊహించుకుంటే దాని కష్టం అర్థం కాదు. ఏ పరికరం ఏం చేసింది, ఎవరు చేసిన మార్పును ఎవరు ఎంతవరకు చూశారు అన్న చరిత్రను నిలుపుకోవడమే ఇందులో అసలు పని. ఆ చరిత్ర సరిగా ఉంటే నెమ్మదిగా నడిచే నెట్ మీద కూడా సింక్ నమ్మకంగా జరుగుతుంది. చరిత్ర పోతే ఎంత వేగం ఉన్నా ఎవరిదో ఒకరి శ్రమ గల్లంతవుతుంది.

రెండు జాబితాలు చాలవు

మన లెక్క తేలాలంటే మూడో జాబితా కావాలి. కిందటిసారి కలిసినప్పుడు ఫోనూ లాప్‌టాపూ రెండూ ఒప్పుకున్న జాబితా అది. ఆ నంబరు అందులో ఉండి ఇప్పుడు ఫోనులో లేదంటే ఫోనులో తీసేశారన్నమాట. అందులో లేకుండా ఇప్పుడు లాప్‌టాప్‌లో ఉందంటే కొత్తగా చేర్చారన్నమాట. తేలదనుకున్న ప్రశ్న ఒక్క పాత నకలుతో తేలిపోయింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ పియర్స్ బృందం తయారుచేసిన యూనిసన్ అనే సాఫ్ట్‌వేర్ పనిచేసేది ఈ పద్ధతి మీదే. సింక్ అయిన ప్రతిసారీ అప్పటి స్థితిని రాసి పెట్టుకుంటుంది. మళ్ళీ కలిసినప్పుడు ఎవరు ఏం మార్చారో దానితో పోల్చి తేలుస్తుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్ కూడా అంతే. ఇద్దరు ప్రోగ్రామర్ల పనిని కలిపేటప్పుడు ఆ రెండూ ఎక్కడ విడిపోయాయో వెతికి, మూడు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

పాత జాబితా మొత్తాన్ని దాచే జాగా లేనప్పుడు ఏం చేయాలి? 1996లో పామ్ సంస్థ తెచ్చిన పైలట్ అనే జేబు పరికరంలో చవకరకానికి ఉన్న మెమరీ 128 కిలోబైట్లే. దాన్ని కంప్యూటరుకు తగిలించిన స్టాండులో నిలబెట్టి ఒక బటన్ నొక్కితే చిరునామాలు, పనుల జాబితాలు రెండువైపులా సరిపోయేవి. ప్రతి నమోదు పక్కన ‘కిందటి సింక్ తర్వాత ఇది మారింది’, ‘ఇది తీసేశారు’ అని చెప్పే చిన్న గుర్తు పెట్టుకోవడం దాని కిటుకు. గుర్తున్న వాటినే పంపితే చాలు కాబట్టి పని చిటికెలో అయ్యేది. అయితే ఆఫీసు కంప్యూటరుతో సింక్ చేసి ఇంటికొచ్చి ఇంటి కంప్యూటరుకు తగిలిస్తే ఆ కిటుకు పారేది కాదు. ఆఫీసులో సింక్ కాగానే గుర్తులు చెరిగిపోయాయి. ఇంటి కంప్యూటరుకు ఏం తెలియదో చెప్పే ఆధారం మిగల్లేదు. అప్పుడు జాబితా మొత్తాన్ని మొదటి నుంచీ నెమ్మదిగా పోల్చుకోవాల్సి వచ్చేది. పరికరాలు రెండే ఉన్నంతకాలం ‘మారింది’ అన్న గుర్తు సరిపోతుంది. మూడోది చేరగానే, ఆ మార్పు ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నది కూడా రాసుకోక తప్పదు.

లేనిదానికీ ఒక గుర్తు

తీసేయడమంటే మన దృష్టిలో చెరిపేయడం. సింక్ చేసే యంత్రానికి అది కూడా రాయడమే. నంబరును ఆనవాలు లేకుండా చెరిపేస్తే, దాన్ని ఇంకా దాచుకున్న మరో పరికరం రేపు వచ్చి ‘నా దగ్గర ఉన్నది నీ దగ్గర లేదు, తీసుకో’ అంటుంది. చరిత్ర తెలియని యంత్రం దాన్ని కొత్త నంబరుగా భావించి చేర్చుకుంటుంది. తీసేసినవి తిరిగి లేచి రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. అందుకని మంచి వ్యవస్థలు అసలు సమాచారం తీసేసి, ఆ స్థానంలో ‘ఇక్కడ ఉన్నది తొలగించాం’ అని చెప్పే చిన్న నమోదు ఉంచుతాయి. ఇంజినీర్ల వాడుకలో దాని పేరు టూంబ్‌స్టోన్, అంటే సమాధి రాయి.

ఈ రాళ్ళను ఎంతకాలం ఉంచాలి? ఎప్పటికీ ఉంచితే లేనివాటి గుర్తులతోనే డిస్కు నిండిపోతుంది. తొందరగా తీసేస్తే, చాలాకాలం అటక మీద పడి ఉన్న పాత ట్యాబ్ ఒకరోజు ఆన్ అయి, ఎప్పుడో తీసేసిన వాటన్నిటినీ మళ్ళీ పంచిపెడుతుంది. పెద్ద సంస్థల డేటాబేసుల్లో వాడే కసాండ్రాలో ఈ గడువు, ఎవరూ మార్చకపోతే, 10 రోజులు. అంతకంటే ఎక్కువ కాలం ఆగిపోయి తిరిగొచ్చిన యంత్రాన్ని ఉన్నదున్నట్టుగా చేర్చుకోకూడదనీ, దాని ప్రతిని ఖాళీ చేసి కొత్తగా నింపాలనీ వాటిని నడిపేవాళ్ళకు తెలుసు. మన ఇంట్లోని పరికరాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. నెలల తరబడి ఆపేసిన ఫోన్‌ను మళ్ళీ అదే ఖాతాకు కలిపేటప్పుడు అందులో ఉన్నది పాత ప్రతి అని గుర్తుంచుకోవాలి.

గడియారం సాక్ష్యం ఎందుకు చెల్లదు?

ఇంత చరిత్ర ఎందుకు, ప్రతి మార్పు పక్కనా సమయం రాసుకుంటే సరిపోదా, చివరగా మార్చిందే సరైందని తీసుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చాలా యాప్‌లు చేస్తున్నదీ ఇదే. రాయడం తేలిక, నడపడం తేలిక. కానీ దీనిలో రెండు లోపాలున్నాయి.

మొదటి లోపం గడియారంలోనే ఉంది. పరికరాల్లో సమయాన్ని లెక్కపెట్టేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది పది లక్షలకు 20 పాళ్ళు తప్పినా రోజుకు 1.7 సెకన్లు తేడా వస్తుంది. దిద్దకుండా వదిలేస్తే నెలకు 50 సెకన్లు దాటుతుంది. నెట్ ఉన్నప్పుడు ఈ తేడాను దిద్దడానికి డేవిడ్ మిల్స్ 1985లో రూపొందించిన పద్ధతి నేటికీ నడుస్తోంది. నెట్ లేనప్పుడు, బ్యాటరీ పూర్తిగా అయిపోయినప్పుడు, ఎవరైనా తేదీని చేత్తో మార్చినప్పుడు మాత్రం గడియారం చెప్పేదానికి విలువ లేదు. అయిదు నిమిషాలు ముందు నడిచే ఫోనులో చేసిన మార్పు, దాని తర్వాత నాలుగు నిమిషాలకు లాప్‌టాప్‌లో చేసిన దిద్దుబాటును ఓడించేస్తుంది. ప్రపంచమంతా విస్తరించిన తన డేటాబేసు కోసం గూగుల్ అణు గడియారాలు, జీపీఎస్ రిసీవర్లు పెట్టుకుని, 2012లో ఆ వివరాలు ప్రచురించింది. అక్కడ కూడా గడియారం ఒక కచ్చితమైన క్షణాన్ని చెప్పదు. ‘ఇంతకూ ఇంతకూ మధ్య’ అని చెబుతుంది. ఆ సందేహం తీరేదాకా డేటాబేసు కాసేపు ఆగుతుంది.

రెండో లోపం ఇంకా లోతైనది. గడియారాలన్నీ తప్పులేకుండా నడుస్తున్నా, ‘తర్వాత మార్చాడు’ అన్నంత మాత్రాన ‘ముందు మార్పును చూసి మార్చాడు’ అని అర్థం కాదు. ఉదయం 10 గంటలకు మీరు ఒక పేరా చేర్చారు. 10:05కి మరొకరు, మీ పేరా ఇంకా అందని తన ప్రతిలో ఒక అక్షరదోషం దిద్దారు. చివరి మార్పే గెలవాలంటే మీ పేరా మొత్తం ఒక్క అక్షరానికి బలైపోతుంది. పైగా ఇలా పోయినట్టు ఎవరికీ కబురు అందదు. నష్టం జరిగిందన్న సంగతే తెలియనివ్వకపోవడం ఈ పద్ధతిలోని అసలు ప్రమాదం.

> పెన్‌డ్రైవ్‌లో దాగిన పదకొండు గంటలు
>
> చాలా పెన్‌డ్రైవ్‌లలో ఫ్యాట్‌32 అనే పాతకాలపు పద్ధతిలో ఫైళ్ళు ఉంటాయి. ఇందులో ఫైలు మారిన సమయం రెండేసి సెకన్ల మెట్లలో నమోదవుతుంది. మూడో సెకనుకూ రెండో సెకనుకూ తేడా తెలియకపోవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఆ సమయం ఏ దేశపు సమయమో అందులో రాసి ఉండదు. హైదరాబాద్‌లో సాయంత్రం 6 గంటలకు దాచిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో పట్టుకుని డల్లాస్ వెళితే, అక్కడి కంప్యూటరు దాన్ని డల్లాస్ సాయంత్రం 6 గంటలుగా చదువుతుంది. అసలు సమయానికీ దానికీ దాదాపు పదకొండు గంటల తేడా. సమయాన్నే నమ్ముకున్న సింక్ సాఫ్ట్‌వేర్, నిజంగా కొత్తదైన ప్రతి మీద పాతదాన్ని రాసేయడానికి ఈ తేడా చాలు.

ఎవరు ఎంతవరకు చూశారు?

గడియారం లేకుండా ముందువెనుకలు చెప్పవచ్చని 1978లో లెస్లీ లాంపోర్ట్ ఒక పరిశోధన పత్రంలో చూపించాడు. దూరదూరంగా ఉన్న యంత్రాల విషయంలో ‘ఏది ముందు జరిగింది’ అన్న ప్రశ్నకు అన్నిసార్లూ అర్థం ఉండదని ఆయన గుర్తించాడు. ఒక సంఘటన కబురు రెండోదాన్ని చేరి ఉంటేనే మొదటిది ముందు జరిగినట్టు. కబురు అటు నుంచి ఇటూ రాలేదు, ఇటు నుంచి అటూ పోలేదు అంటే, గడియారం ఏం చెప్పినా, ఆ రెండూ ఏకకాలంలో జరిగినట్టే లెక్క. ఈ రంగానికి ఆయన చేసిన సేవకు 2013 ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

ఈ ఆలోచనను ఫైళ్ళకు అన్వయించే తేలికైన పద్ధతిని 1983లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించారు. దీని ప్రకారం ప్రతి పరికరమూ తాను చేసిన మార్పులను వరస అంకెలతో లెక్కపెడుతుంది. ఒక్కో ప్రతి మీద ‘ఏ పరికరం చేసిన ఎన్నో మార్పు దాకా ఇందులో కలిసింది’ అన్న చిన్న పట్టీ ఉంటుంది. ఒక ప్రతి మీద ‘ఫోను 5, లాప్‌టాప్ 3’ అనీ, మరో ప్రతి మీద ‘ఫోను 4, లాప్‌టాప్ 3’ అనీ ఉందనుకోండి. మొదటిదానిలో రెండోదానిలో ఉన్నదంతా ఉంది, ఫోను చేసిన అయిదో మార్పు అదనంగా ఉంది. కాబట్టి మొదటిదే కొత్తది. రెండోదాని మీద దాన్ని రాసేస్తే ఎవరికీ నష్టం లేదు. అదే ఒకదాని మీద ‘ఫోను 5, లాప్‌టాప్ 3’, ఇంకోదాని మీద ‘ఫోను 4, లాప్‌టాప్ 4’ ఉంటే కథ వేరు. ఒకరి చివరి మార్పును మరొకరు చూడలేదు. ఏ ఒక్కదాన్ని ఎంచుకున్నా రెండోవారి పని పోతుంది.

ఈ చిన్న పట్టీ చేసే మేలు చాలా పెద్దది. ఏ ప్రతి కొత్తదో చెప్పగలిగిన చోట చెబుతుంది. చెప్పలేని చోట చెప్పలేనని ఒప్పుకుంటుంది. గడియారానికి ఈ రెండో గుణం లేదు. అది ఎప్పుడూ ఏదో ఒక తీర్పు ఇచ్చేస్తుంది. సర్వర్ అవసరం లేకుండా పరికరాల మధ్య నేరుగా ఫైళ్ళను సరిచేసే సింక్‌థింగ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ పట్టీనే వాడతాయి. ఇద్దరూ విడివిడిగా మార్చారని తేలితే రెండు ప్రతులనూ ఉంచుతాయి. అనుకోకుండా కనిపించి విసిగించే ఆ రెండో ఫైలు, ఒకరి శ్రమ పోకుండా కాపాడినందుకు గుర్తు.

తేడా ఎక్కడుందో కనుక్కోవడం

ఏది కొత్తదో తెలిశాక దాన్ని చేరవేయాలి. లక్ష ఫొటోల్లో ఒక్కటి మారితే లక్షా పంపనక్కర్లేదు. కానీ మారింది ఏదో తెలియాలి కదా. దీనికి ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక పొట్టి సంకేతాన్ని లెక్కగడతారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంకేతం పూర్తిగా మారిపోతుంది. రెండేసి ఫైళ్ళ సంకేతాలను కలిపి మరో సంకేతం, అలాంటివి రెండు కలిపి ఇంకోటి, ఇలా పైపైకి పోతే చివరికి మొత్తానికి ఒకే సంకేతం మిగులుతుంది. రెండు పరికరాల్లో ఆ పై సంకేతం ఒకటే అయితే లక్ష ఫైళ్ళూ సరిగ్గా ఉన్నట్టే. తేడా వస్తే కింది రెండింటిలో ఏది వేరో చూసి ఆ కొమ్మ వెంటే దిగాలి. లక్ష ఫైళ్ళలో మారిన ఒక్కదాన్ని పట్టుకోవడానికి సుమారు 17 మెట్లు దిగితే చాలు. రాల్ఫ్ మెర్కిల్ 1979లో ప్రతిపాదించిన నిర్మాణం ఇది.

ఒకే పెద్ద ఫైలులో కొంచెమే మారినప్పుడు ఏం చేయాలన్నది 1996లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ తేల్చారు. ఫైలును ముక్కలుగా కోసి ముక్కకో సంకేతం పోల్చడం తేలికే. కానీ మొదట్లో ఒక్క అక్షరం చేర్చినా తర్వాతి ముక్కలన్నీ ఒక్కో అక్షరం జరిగిపోయి, ఏదీ పాతదానితో సరిపోదు. వాళ్ళ ఆర్‌సింక్ పద్ధతిలో పాత ప్రతి ఉన్న యంత్రం తన ముక్కల సంకేతాలను పంపుతుంది. కొత్త ప్రతి ఉన్న యంత్రం తన ఫైలు మీద అదే పొడవున్న కిటికీని ఒక్కో అక్షరం జరుపుతూ సంకేతాలు సరిపోయే చోట్లు వెతుకుతుంది. కిటికీ జరిగినప్పుడల్లా మొదటి నుంచి లెక్కించకుండా, వెళ్ళిపోయిన అక్షరాన్ని తీసేసి వచ్చినదాన్ని కలిపే తేలికపాటి లెక్క వాడటం వల్ల ఇది వేగంగా జరుగుతుంది. చివరికి కొత్త అక్షరాలూ, ‘ఇక్కడ నీ దగ్గరున్న ఫలానా ముక్క పెట్టుకో’ అన్న సూచనలూ మాత్రమే తీగ మీద ప్రయాణిస్తాయి.

> ‘హైదరాబాద్’ పేరుతో రెండు ఫైళ్ళు
>
> కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు యంత్రానికి వేరువేరు కావచ్చు. ‘హై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వం సంకేతం తర్వాత కింది గుర్తుకు మరో సంకేతం చేర్చి. మన కీబోర్డులు సాధారణంగా మొదటి విధంగా రాస్తాయి. 2017లో కొత్త ఫైల్ వ్యవస్థ వచ్చేదాకా ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లు పేర్లను రెండో విధంగా విడదీసి దాచేవి. విండోస్, లినక్స్ ఎలా ఇస్తే అలాగే ఉంచుతాయి. దాంతో ‘హైదరాబాద్’ అనే ఫైలు మ్యాక్‌కు వెళ్ళి తిరిగి వచ్చేసరికి లినక్స్ కంప్యూటరులో అదే పేరుతో రెండు ఫైళ్ళు కనిపించే ప్రమాదం ఉండేది. పోల్చడానికి ముందు పేర్లన్నిటినీ ఒకే రూపంలోకి మార్చుకోవడమే దీనికి మందు. తెలుగులో ఇలా అధికారికంగా రెండు రూపాలున్నది ఈ ఒక్క గుర్తుకే.

ఇద్దరూ మార్చినప్పుడు

ఇప్పుడు అసలు ఘర్షణకు వద్దాం. ఒకే వ్యాపారాన్ని రెండు ఊళ్ళలో నడిపే అన్నదమ్ములను ఊహించుకోండి. సరుకు ఇద్దరిదీ, లెక్క ఒకటే. నెలాఖరుకు ఇద్దరూ తమ తమ ఆవర్జాలను, అంటే చివరి నిల్వలు చూపే పుస్తకాలను ఎదురెదురుగా పెట్టుకుంటే తగువు తప్పదు. ‘బియ్యం 40 బస్తాలు’ అని ఒకరి పుస్తకం, ‘35 బస్తాలు’ అని రెండోవారిది. ఎవరి అంకె ఉంచినా తప్పే. అదే ఇద్దరూ చిట్టాలు, అంటే రోజువారీ నమోదులు తెచ్చుకుంటే తగువే లేదు. ఒకరు 10 బస్తాలు అమ్మారు, మరొకరు 15. రెండు చిట్టాలనూ కలిపి రాస్తే సరైన నిల్వ దానంతటదే వస్తుంది. సింక్ వ్యవస్థలు గత మూడున్నర దశాబ్దాలలో నేర్చిన ముఖ్యమైన పాఠం ఇదే. ఫలితాలను పోల్చడం కంటే చేసిన పనులను పంచుకోవడం మేలు.

ఒకే పత్రంలో ఇద్దరు కలిసి రాసే పద్ధతికి 1989లో ఎల్లిస్, గిబ్స్ పునాది వేశారు. ఒకరు మూడో స్థానంలో ఒక అక్షరం చేర్చారు. అదే సమయంలో మరొకరు పదో స్థానంలోని అక్షరం తీసేశారు. మొదటి మార్పు అందాక రెండోవారి ‘పది’ని ‘పదకొండు’గా సవరించి అమలు చేస్తే ఇద్దరి ఉద్దేశాలూ నెరవేరతాయి. గూగుల్ డాక్స్ నడిచేది ఈ దారిలోనే. 2011లో మార్క్ షపీరో బృందం మరో దారిని పద్ధతిగా స్థిరపరిచింది. స్థానాలు జరుగుతూ ఉంటాయి కాబట్టి, వాటికి బదులు ప్రతి అక్షరానికీ పుట్టినప్పుడే మారని గుర్తింపు ఇవ్వాలి. మార్పులు ఏ వరసలో అందినా, ఒకటే రెండుసార్లు అందినా, అందరి దగ్గరా చివరికి ఒకే ఫలితం వచ్చేలా కలిపే నియమాలను ముందే ఎంచుకోవాలి. అప్పుడు మధ్యలో తీర్పు చెప్పే సర్వర్ లేకపోయినా ప్రతులు కలుస్తాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కలపడానికి ఏ నియమం ఎంచుకున్నా అది ఒక పక్షం వహిస్తుంది. 2007లో అమెజాన్ ఇంజినీర్లు తమ డైనమో డేటాబేసు గురించి రాసిన పత్రం దీనికి మంచి సాక్ష్యం. కొనుగోలుదారు కార్ట్‌లో వేసిన వస్తువు ఎన్నటికీ పోకూడదని వాళ్ళు నిర్ణయించుకున్నారు. రెండు ప్రతులు వేరైతే రెండింట్లోనూ ఉన్నవన్నీ కలిపేస్తారు. దానివల్ల తీసేసిన వస్తువు అప్పుడప్పుడు మళ్ళీ కార్ట్‌లో కనిపించవచ్చని అదే పత్రంలో చెప్పారు. దుకాణానికి అది భరించదగిన పొరపాటు. మందుల చీటీలో అలా జరిగితే భరించలేం.

యంత్రం తీర్పు చెప్పలేని చోటు

డబ్బు విషయానికి వస్తే ఈ హద్దు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఖాతాలో 1000 రూపాయలున్నాయి. నెట్ లేని రెండు పరికరాలు తమ తమ ప్రతులు చూసి చెరో 800 ఇచ్చేశాయి. ఎవరికి వారు చూసుకుంటే తప్పు లేదు. తర్వాత రెండు చిట్టాలూ ఎంత జాగ్రత్తగా కలిపినా 600 అప్పు తేలుతుంది. ‘సున్నా కంటే తగ్గకూడదు’ అన్న నియమాన్ని ముందుగా మాట్లాడుకోకుండా ఎవరూ కాపాడలేరు. అందుకే మామూలు యూపీఐ చెల్లింపు ప్రతిసారీ బ్యాంకు లెక్కను అడిగి తీరుతుంది. 2022లో వచ్చిన యూపీఐ లైట్ చిన్న చెల్లింపుల కోసం ఖాతాలోంచి కొంత సొమ్మును ముందే పక్కన పెట్టిస్తుంది. విడిగా కేటాయించినది కాబట్టి దాని మీద మరొకరి చేయి పడదు.

ఇప్పటి కృత్రిమ మేధ రెండు ప్రతులనూ చదివి అర్థం చేసుకుని కలపలేదా అన్నది ఈమధ్య తరచుగా వినిపించే ప్రశ్న. రెండు పేరాలను అతికించి నున్నగా చేయడం దానికి వచ్చు. కానీ కుటుంబమంతా పంచుకున్న క్యాలెండర్‌లో పెళ్ళి వివరాలున్నాయనుకోండి. పురోహితుడితో మాట్లాడి ఒకరు ముహూర్తాన్ని సాయంత్రానికి మార్చారు. అదే సమయంలో మరొకరు, పాత హాలు దొరకక, ఉదయం పూట మాత్రమే ఖాళీ ఉన్న కొత్త హాలు పేరు రాశారు. రెండు మార్పులూ వేర్వేరు గడుల్లో ఉన్నాయి. కలిపితే ఘర్షణ కనిపించదు. వచ్చే ఫలితం మాత్రం ఎవరూ కోరనిది: హాలు లేని సమయంలో ముహూర్తం. దీన్ని సరిచేయడానికి కావలసిన విషయం ఆ రెండు ప్రతుల్లో ఎక్కడా లేదు, అది మనుషుల మధ్య ఉంది. ఎంత తెలివైన యంత్రమైనా తనకు చెప్పని దాన్ని ఊహించగలదే గాని తెలుసుకోలేదు. అలాంటి చోట ఊహను నిజమన్నట్టు రాసేయడం కంటే, రెండూ చూపించి అడగడమే మర్యాద.

అన్నీ క్లౌడ్‌లోనే ఉంచితే?

పరికరాల్లో ప్రతులే లేకుండా అన్నీ ఒకే సర్వర్‌లో ఉంచి, అందరూ అక్కడికే వెళ్ళి చూస్తే ఈ గొడవే ఉండదని మరో వాదన ఉంది. నెట్ ఎప్పుడూ ఉంటే ఈ వాదన నిలబడేది. 2000లో ఎరిక్ బ్రూవర్ ప్రతిపాదించి, 2002లో ఎంఐటీలో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ నిరూపించిన సూత్రం ప్రకారం, మధ్యలో దారి తెగిపోయినప్పుడు రెండింట్లో ఒకటి వదులుకోవాలి. పాతబడి ఉండవచ్చని తెలిసీ చేతిలో ఉన్న ప్రతితో పని సాగించాలి. లేదా కలిసేదాకా పని ఆపాలి. మూడో దారి లేదు. దారి తెగకపోయినా దూరం ఉంటుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికాకు దాదాపు 13 వేల కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి ఎంత గొప్ప తీగ వేసినా 130 మిల్లీసెకన్ల కంటే తగ్గదు. కొట్టిన ప్రతి అక్షరమూ అంత దూరం వెళ్ళొచ్చాకే తెర మీద పడితే రాయడం నరకమవుతుంది. కాబట్టి చేతిలో ఒక ప్రతి ఉండక తప్పదు. ప్రతి ఉంటే సింక్ తప్పదు.

మరి ప్రతులను స్వేచ్ఛగా మార్చుకోనిస్తే ఘర్షణలు కుప్పలుగా పడవా? మద్రాసు ఐఐటీలో చదివి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన మహదేవ్ సత్యనారాయణన్, ఆయన విద్యార్థి జేమ్స్ కిస్ట్లర్ 1990ల మొదట్లోనే దీన్ని కొలిచి చూశారు. నెట్ తెగినా పని ఆగకుండా, మళ్ళీ కలిసినప్పుడు సర్దుకునే కోడా ఫైల్ వ్యవస్థను నిర్మించినవాళ్ళు వాళ్ళు. తమ విశ్వవిద్యాలయంలోని ఫైళ్ళను గమనిస్తే, 99 శాతానికి పైగా మార్పులు అంతకుముందు ఆ ఫైలును మార్చిన మనిషే చేసినవని తేలింది. మన పని మనమే చేసుకుంటాం. ఇద్దరు ఒకేసారి ఒకే చోట చేయి పెట్టడం అరుదు. అందుకే ముందుగా స్వేచ్ఛ ఇచ్చి, అరుదైన ఘర్షణను జాగ్రత్తగా పట్టుకునే పద్ధతి నెగ్గింది. అయితే అరుదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదని యాప్‌లు తయారుచేసేవాళ్ళు అనుకోకూడదు. ఆ మిగిలిన కొద్ది సందర్భాల్లో పోయేది ఎవరిదో నిజమైన పని.

సింక్ వేరు, బ్యాకప్ వేరు

ఇంతవరకూ చూసినదాన్ని బట్టి ఒక ఆచరణాత్మకమైన హెచ్చరిక చేయాలి. మూడు పరికరాల్లో ఫొటోలున్నాయి కాబట్టి భద్రంగా ఉన్నాయని చాలామంది నిశ్చింతగా ఉంటారు. సింక్ పని అన్ని ప్రతులనూ ఒకేలా ఉంచడం. పొరపాటును కూడా అది అంతే శ్రద్ధగా అన్నిచోట్లకూ చేరవేస్తుంది. ఒక చోట తీసేస్తే అన్నిచోట్లా పోతుంది. ఒక కంప్యూటరులోని ఫైళ్ళకు దుండగులు తాళం వేసి డబ్బు అడిగితే, ఆ తాళం పడిన ప్రతులే మిగతా పరికరాలకూ వెళతాయి. గూగుల్ డ్రైవ్‌లో తీసేసినవి చెత్తబుట్టలో 30 రోజులుంటాయి. ఆ తర్వాత వాటంతటవే పోతాయి. కాబట్టి సింక్‌తో సంబంధం లేకుండా, ఎప్పటికప్పుడు విడిగా దాచే ఒక నకలు ఉండి తీరాలి.

సేవను ఎంచుకునేటప్పుడు ఎంత జాగా ఇస్తారు, ఎంత వేగం అని అడుగుతాం. అంతకంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి. నెట్ లేనప్పుడు పని సాగుతుందా? ఇద్దరు ఒకేసారి మారిస్తే రెండు ప్రతులూ ఉంచుతుందా, లేక ఒకదాన్ని చెప్పకుండా తీసేస్తుందా? పాత ప్రతులూ తీసేసినవీ ఎన్నాళ్ళు దొరుకుతాయి? ప్రభుత్వాలు, ఆస్పత్రులు సాఫ్ట్‌వేర్ చేయించుకునేటప్పుడు ఇవే ప్రశ్నలు ఇంకా గట్టిగా అడగాలి. సిగ్నల్ అందని గూడెంలో ఏఎన్ఎం తన ట్యాబ్‌లో బిడ్డకు వేసిన టీకా నమోదు చేస్తుంది. అదే రోజు ఆరోగ్య కేంద్రంలో అదే బిడ్డ కార్డులో ఇంకొకరు చిరునామా మారుస్తారు. చివరి మార్పే గెలవాలన్న సోమరి నియమం ఆ వ్యవస్థలో ఉంటే, చిరునామా మిగిలి టీకా మాయమవుతుంది. ఈ నష్టాన్ని ఆపడానికి కావలసిన విద్య 1983 నాటికే ప్రచురితమై ఉంది. దాన్ని వాడమని పట్టుబట్టడానికి టెండరు పత్రంలో ఒక్క షరతు చాలు: ఒకరు రాసినదాన్ని మరొకరు చూడకుండా చెరిపే అధికారం ఈ సాఫ్ట్‌వేర్‌కు ఉండకూడదు.